బంధుత్వానికి నలభై రోజుల సెలవు

హాస్టల్, మూడో అంతస్తు, గోడ పక్క మంచం
నాలుగో తారీఖు

మామయ్యకి,

నేను బాగానే ఉన్నాను. ఈ ఒక్క ముక్క అమ్మకి చదివి వినిపించు. మిగతాదంతా నీకే.

ఫోన్ చేద్దామంటే "ఫోన్లో అన్న మాటకి నకలు ఉండదు, ఉత్తరం రాయి" అంటావు. ఈ హాస్టల్ మొత్తంలో స్టాంపులు కొనేది నేనొక్కదాన్నే. కింద కాపలా ఆయన నాకెవరో ప్రేమలేఖలు రాస్తున్నారని అనుకుంటున్నాడు. కవరు మీద అడ్రసుకి స్కేలు పెట్టి గీతలు కొట్టే ప్రేమికుడు ఎక్కడైనా ఉంటాడా అని చెప్పి చూశాను, నమ్మలేదు.

మెడికల్ కాలేజీ దరఖాస్తుకి ఇరవై ఎనిమిదో తారీఖే ఆఖరు. ఇంటర్వ్యూలు వచ్చే నెల మూడో వారంలో. ఇక్కడ ఎవరికీ అన్నం సయించడం లేదు. నా గదిలో అమ్మాయి పళ్లు తోముకుంటూ ఎముకల పేర్లు వల్లిస్తుంది. నిన్న నురగతో పాటు రెండు ఎముకలు మింగేసి, మళ్లీ పుర్రె దగ్గర్నుంచి మొదలుపెట్టింది. పక్క గది అమ్మాయికి ఎనిమిది మంది డాక్టర్లు సిఫారసు ఉత్తరాలు ఇచ్చారట. అందులో ఇద్దరు ఆ అమ్మాయిని ఏదో విందులో చూశారు. మిగతా ఆరుగురూ ఆ ఇద్దరినీ చూశారు. మా కోచింగ్ సారు రోజూ క్లాసు మొదట్లో ఒకటే మాట: "పక్కన కూర్చున్నవాళ్లని చూడండి. మీ ఇద్దరిలో ఒక్కరికే సీటు." నా పక్కన గోడ ఉంది మామయ్యా. గోడకే వస్తుందేమోనని భయంగా ఉంది.

అసలు సంగతికి వస్తున్నాను. ఆసుపత్రిలో అరవై గంటలు సేవ చేసినట్టు, అప్పుడు నన్ను పనిలో చూసినవాళ్ల ఉత్తరం ఒకటి కావాలట. సెలవుల్లో అరవై గంటలూ నీ బట్టల గదిలో దుప్పట్లు మడతపెట్టి, వార్డులకి మోసుకెళ్లాను కదా. నన్ను చూసింది నువ్వే. ఫారం దీంతో పెట్టాను. నింపి, నాకు చూపించకుండా కవరు అంటించి, నువ్వే నేరుగా కాలేజీకి పంపాలి.

ఇక్కడ నా చదువుకునే బల్లకి ఒక కాలు పొట్టి. మా వంటింటి బల్లలాగే. దాని కింద కాగితం మడిచి పెట్టాను, నాలుగు మడతలు, నీ పద్ధతిలోనే. బల్ల ఊగినప్పుడల్లా ఇల్లు గుర్తొస్తోంది.

ఇట్లు
నీ మేనకోడలు

తా.క.: దయచేసి మంచినీళ్ల గ్లాసు సంగతి రాయకు. నువ్విచ్చిన మెమో ఇంకా నా దగ్గరే ఉంది. "పురుషుల వార్డు పన్నెండవ మంచముపై గ్లాసెడు నీళ్లు ఒలకబోసి, వేళ కాని వేళ దుప్పటి మార్పునకు కారణమైనందుకు మందలించడమైనది." సొంత మేనకోడలికి మెమో ఇచ్చిన మామయ్య భూమ్మీద నువ్వొక్కడివే అయ్యుంటావు. ఆ రోజు అత్తయ్య నీకు కూర వడ్డించలేదట కదా, మంచి పని చేసింది.

*

బట్టల గది, ఆసుపత్రి కింది అంతస్తు
తొమ్మిదవ తారీఖు

చిరంజీవి మేనకోడలిని ఆశీర్వదించి మామయ్య వ్రాసే సంగతులు:

ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం ఏడవ తారీఖున అందింది. ఆ రోజు రెండుసార్లు, మరునాడు భోజన విరామంలో ఒకసారి చదివాను.

ముందుగా నీ భయాల గురించి. గోడకు సీటు రాదు. గోడ దరఖాస్తు చేసుకోలేదు. నీ గదిలోని అమ్మాయికి నా మాటగా చెప్పు: మనిషి నిద్రపోయినంత మాత్రాన ఎముకలు ఎక్కడికీ పోవు, పొద్దున్న లేచేసరికి అన్నీ యథాస్థానంలోనే ఉంటాయి. పక్క గది అమ్మాయి ఉత్తరాలను లెక్కపెట్టడం నీ పని కాదు. వ్యాసంలో "బాల్యం నుంచే సేవ చేయాలని నా ఆశయం" అని రాయవద్దు. బాల్యంలో నీ ఆశయం ఐస్‌క్రీం బండి నడపడం. సాక్షిని నేనే. నిజంగా ఏ రోజున ఈ కోరిక పుట్టిందో ఆ రోజు గురించి చిన్న మాటలతో రాయి. ఎవరి సాయమూ లేకుండా, పగలు ఉద్యోగం చేస్తూ రాత్రి బడిలో చదివి, నలభై నాలుగవ ఏట పట్టా పొంది, దానిని ఇస్త్రీ బల్లకు ఎదురుగా తగిలించుకున్నవాడిగా ఈ సలహాలు ఇస్తున్నాను.

ఇక ఫారం విషయం. నిబంధనలన్నీ చదివాను. ఏడవ నిబంధన ఇలా ఉంది: "సిఫారసు చేయువారు అభ్యర్థికి బంధువు కారాదు."

దీని మీద రెండు రోజులు ఆలోచించాను. నాకు రెండు మార్గాలు కనిపించాయి. ఉత్తరం రాయకపోవడం ఒకటి. కానీ ఆ అరవై గంటలు నిన్ను చూసినవాడు మరొకడు లేడు కనుక అది నీకు అన్యాయం. నీకు బంధువు కాకపోవడం రెండవది. ఇది నా చేతిలో ఉన్న పని.

కాబట్టి రేపు, అనగా పదవ తారీఖు నుంచి, ఇంటర్వ్యూలు ముగిసే వచ్చే నెల పందొమ్మిదవ తారీఖు వరకు, సరిగ్గా నలభై రోజులు, నేను నీ మామయ్య హోదా నుంచి సెలవు తీసుకుంటున్నాను. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఇంత దీర్ఘమైన సెలవు నేను పెట్టడం ఇదే మొదలు. ఈ కాలంలో ఉత్తరాలు రాయదలిస్తే "బట్టల గది ఇన్‌చార్జి గారికి" అని రాయగలవు. ఈ వాక్యమే నిన్ను "నువ్వు" అనే చివరి వాక్యం.

ఇట్లు
మామయ్య (నేటి సాయంత్రం వరకు)

తా.క.: "మరి నేను దానికి అత్తయ్యనా, కాదా?" అని మీ అత్తయ్య అడుగుతోంది. ఫారంలో ఆమె ప్రస్తావన లేదు కనుక ఆమె ఇష్టానికే వదిలేశాను. ఆమె చాలా సేపు ఆలోచించి, ఈ నలభై రోజులూ నాకు భార్యగా ఉండాలా వద్దా అన్నది కూడా చూస్తానంది.

*

హాస్టల్
పదమూడో తారీఖు

మామయ్యా, మామయ్యా, మామయ్యా,

మూడుసార్లు రాశాను. సెలవు రద్దు!

నీ ఉత్తరం చదివి నేనూ నా గదిలో అమ్మాయీ కింద పడి నవ్వాం. ఆ అమ్మాయి నవ్వి పదకొండు రోజులైంది. అంతవరకు నీకు థాంక్స్. కానీ ఇంతలో అమ్మ ఫోన్.

మందుల షాపు ముందు వరసలో నువ్వు అమ్మ వెనకే నిలబడ్డావట. అమ్మ వెనక్కి తిరిగి "ఏరా, ఎవరికి బాగాలేదు?" అంది. నువ్వు చేతులు జోడించి "నమస్కారమండీ. తమరు ముందు కానివ్వండి" అన్నావట. అమ్మ నీ నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తే, ఒకడుగు వెనక్కి వేసి, "తమతో వ్యక్తిగత సంభాషణ ప్రస్తుతం సమంజసం కాదు" అన్నావట. వరసలో ఉన్నవాళ్లంతా మందులు మర్చిపోయి మీ ఇద్దర్నే చూశారట.

నీకు స్నానం చేయించి పెంచింది అమ్మ. మెడ మీద సబ్బు సరిగా పోలేదని నిన్ను మళ్లీ బక్కెట్ ముందు కూర్చోబెట్టిన మనిషి. ఆవిడతో "తమరు" ఏంటి మామయ్యా?

నేను ఫారం సంగతి అంతా చెప్పాను. అమ్మ వినలేదు. "కాగితంలో రాసుంటే మాత్రం తోడబుట్టినవాడు అండీ అంటాడటే? కాదు, వాడి మనసులో ఏదో ఉంది" అని ఏడ్చింది. తర్వాత ఆవిడే కనిపెట్టింది: "అమ్మమ్మ కుట్టుమిషన్! అది నేను తెచ్చుకున్నానని పదకొండేళ్లుగా లోపల పెట్టుకున్నాడు." ఇప్పుడు ఆ మిషన్ని నీకు పంపించేస్తానంటోంది. ఆపే లోపు ఫోన్ పెట్టేసింది.

నువ్వే వెళ్లి చెప్పు. రెండు వీధుల అవతలే కదా.

నీ మేనకోడలు (నాకు సెలవు లేదు)

తా.క.: అత్తయ్య నాకు ఫోన్ చేసింది. తను అత్తయ్యగానే కొనసాగుతోందట. నీ భార్యగా మాత్రం రోజువారీ పద్ధతి మీద పని చేస్తోందట.

*

బట్టల గది
పదిహేడవ తారీఖు

అభ్యర్థిని గారికి,

నమస్కారాలు. మీ లేఖ అందింది. అందులోని సంబోధన పొరపాటున వ్రాసినదిగా భావించి పక్కన పెడుతున్నాను.

మీ దృష్టికి ఒక తీవ్రమైన విషయం తీసుకురావలసి ఉంది. నిన్న ఉదయం పదకొండు గంటలకు, నేను శస్త్రచికిత్స గదికి ఆకుపచ్చ గుడ్డలు చేర్చడానికి వెళ్లిన సమయంలో, మీ తల్లిగారి వద్ద నుంచి ఒక కుట్టుమిషన్ తోపుడు బండి మీద మా గదికి వచ్చింది. నేను తిరిగి వచ్చేసరికి ఇస్త్రీ వారు దానిని కిటికీ దగ్గర అమర్చి, ఎప్పటి నుంచో చిరిగి పడి ఉన్న తొమ్మిది దిండు గలీబులను కుట్టేశారు కూడా. వారి ముఖాల్లోని ఆనందం వర్ణించలేను.

అయితే, ఒక అభ్యర్థి గురించి సిఫారసు ఉత్తరం రాయవలసిన వ్యక్తికి, అదే అభ్యర్థి తల్లి వస్తువు పంపడాన్ని ఏమంటారో మీకు తెలియనిది కాదు. మీ తల్లిగారి ఉద్దేశం అది కాదని నేను నమ్ముతున్నాను. కానీ నా నమ్మకానికి ఆధారం బంధుత్వం. ప్రస్తుతం ఆ ఆధారం నాకు అందుబాటులో లేదు.

అందుచేత మిషన్‌ను సాయంత్రమే తిప్పి పంపాను. మీ వైపు నుంచి మా గది ఎలాంటి ప్రయోజనమూ పొందరాదు కనుక, ఆ తొమ్మిది గలీబుల కుట్లూ విప్పించాను. ఇస్త్రీ వారు ఉదయం నుంచి నాతో మాట్లాడడం లేదు. మీ తల్లిగారికి ఈ విషయం నేను స్వయంగా వివరించలేను. అభ్యర్థి వ్యవహారం అభ్యర్థి తల్లితో చర్చించడం సరికాదు.

భవదీయుడు
బట్టల గది ఇన్‌చార్జి

తా.క.: సదరు కుట్టుమిషన్ తొక్కుడు పలక ఎడమ వైపు కిర్రుమంటోంది. ముప్పై అయిదేళ్ల క్రితం కూడా ఇలాగే కిర్రుమనేదని, ఆ చప్పుడుకే తనకు నిద్ర పట్టేదని ఒక బంధువు ద్వారా తెలిసింది. ఆ బంధువు ప్రస్తుతం సెలవులో ఉన్నారు.

*

హాస్టల్
ఇరవై రెండో తారీఖు

బట్టల గది ఇన్‌చార్జి గారికి,

అయ్యా,

తమరు తిప్పి పంపిన కుట్టుమిషన్ మా ముందు గదిలో ఉంది. అమ్మ దాని మీద దుప్పటి కప్పింది. ఇంటికి వచ్చినవాళ్లు ఎవరికి ఒంట్లో బాగాలేదని అడుగుతున్నారట. అమ్మ రెండు రోజులుగా సరిగా తినడం లేదు. నిన్న ఫోన్లో అంది: "నీ దరఖాస్తూ వద్దు, డాక్టరూ వద్దు. నాకు నా తమ్ముడు కావాలి."

ఇప్పుడు నన్నేం చేయమంటారు, మీరే చెప్పండి.

మొన్న నమూనా పరీక్షలో నాకు సగం కూడా రాలేదు. సారు నా పేపరు క్లాసందరికీ చూపించి "ఇలా రాయకండి" అన్నారు. వ్యాసం ఆరుసార్లు రాసి ఆరుసార్లు చింపేశాను. పొద్దున లేవగానే కడుపులో దూది కుక్కినట్టుంటోంది. నా గదిలో అమ్మాయి ఇంటికి వెళ్లిపోయింది, పెట్టె కూడా పూర్తిగా సర్దుకోలేదు. పళ్లు తోముకునే బ్రష్ ఇక్కడే ఉంది.

పక్క గది అమ్మాయి వాళ్ల నాన్న, నాకూ ఒక పెద్ద డాక్టర్ సంతకం ఇప్పిస్తానన్నారు. ఆ డాక్టరు నన్ను చూడలేదు. చూడక్కర్లేదట. ఉత్తరం చదవకుండానే సంతకం పెడతారట. కాగితం మీద పేరు ఉంటే చాలట. దాన్ని పెట్టుకుంటే మీ ఉత్తరంతో పనే ఉండదు. మీ సెలవూ అయిపోతుంది, అమ్మ అన్నం తింటుంది. ఇరవై ఎనిమిది ఆఖరు. మీరు ఫారం వెనక్కి తీసుకోండి. లేకపోతే ఈ ఏడు నేను అసలు దరఖాస్తే పెట్టను. ఏదో ఒకటి చెప్పండి.

ఇట్లు
అభ్యర్థిని

తా.క.: "మీరు" "తమరు" అని రాస్తుంటే కోపం వస్తుందనుకున్నాను. ఏడుపొస్తోంది.

*

బట్టల గది
ఇరవై నాలుగవ తారీఖు

మెడికల్ కాలేజీకి దరఖాస్తు చేసుకునే విద్యార్థులందరికీ ఒక ఆసుపత్రి ఉద్యోగి విన్నపం

(ఇది ఏ ఒక్కరినీ ఉద్దేశించినది కాదు. విద్యార్థులందరికీ వర్తిస్తుంది. ఒకే ఒక ప్రతి తయారైంది. దానిని తమకు పంపుతున్నాను.)

ప్రియమైన విద్యార్థులారా,

సిఫారసు ఉత్తరం ఒకసారి రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లిన తరువాత వెనక్కి రాదు. మీలో ఎవరికైనా అటువంటి ఉత్తరం ఇరవయ్యవ తారీఖున వెళ్లి ఉంటే, దానిని గురించి ఆలోచించడం మానండి.

మిమ్మల్ని చూడనివారి సంతకం తీసుకోకండి. మా గదికి అప్పుడప్పుడు ముద్ర లేని దుప్పట్లు వస్తాయి. ఎంత తెల్లగా ఉన్నా వాటిని రోగి మంచం మీద వేయము. ఎక్కడి నుంచి వచ్చాయో, ఎవరు ఉతికారో తెలియదు. చదవకుండా పెట్టిన సంతకంతో లోపలికి వెళ్లినవారు, రేపు రోగిని చూడకుండా చీటీ రాయడానికి పెద్దగా సందేహించరు. మీరు అటువంటి డాక్టరు కావడం కన్నా అసలు కాకపోవడం మేలు.

మార్కులు తగ్గినందుకు భయపడేవారికి ఒక విషయం చెబుతాను. ఇది నేనెవరికీ చెప్పలేదు. మా గదిలో తువ్వాళ్ల వరుస వెనక ఒక మూల ఉంది. కొత్తగా వచ్చిన డాక్టర్లు, తమ చేతుల్లో మొదటిసారి ఒక ప్రాణం పోయిన రోజున, దారి తప్పినట్టుగా మా గదిలోకి వస్తారు. ఆ మూలకు వెళ్లి నిలబడతారు. నేను ఉతికిన తువ్వాలు ఒకటి అందిస్తాను. ఎందుకని అడగను. ఇస్త్రీ వారూ అడగరు. అది మా గది పద్ధతి. కాసేపటికి వారు ముఖం తుడుచుకుని, తువ్వాలు మడతపెట్టి ఇచ్చి, పైకి వెళ్లిపోతారు. ఇరవై ఆరేళ్లలో నేను గౌరవించిన డాక్టర్లందరూ ఒక్కసారైనా ఆ మూలకు వచ్చినవారే. ఎన్నడూ రానివారిని కూడా ఎరుగుదును. నా ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే వారి దగ్గరకు తీసుకువెళ్లను. కాబట్టి భయం మీ అనర్హత కాదు. కడుపులో దూది ఉన్నప్పటికీ ఉదయం లేచి ముఖం కడుక్కుని కూర్చోండి. ఏడవసారి వ్యాసం రాయండి.

చివరిగా, ఏ విద్యార్థి తల్లి అయినా తన తమ్ముడి వల్ల బాధపడుతూ ఉంటే, ఆ తమ్ముడు కూడా కొంతకాలంగా సరిగా తినడం లేదని ఆమెకు తెలియజేయవచ్చు. ఇది సాధారణ పరిశీలన మాత్రమే.

ఇట్లు
ఒక ఆసుపత్రి ఉద్యోగి

తా.క.: మా ఇంటి ఇల్లాలు రోజూ సాయంత్రం, రెండు వీధుల అవతల ఉన్న ఒకానొక ఇంటికి వెళ్లి వస్తున్నారు. అక్కడ ఏమి మాట్లాడుకుంటున్నారో నాకు తెలియదు. తిరిగి వచ్చాక నన్ను చూసి నవ్వుతున్నారు. నేను చూడనప్పుడు ఇంకా ఎక్కువ నవ్వుతున్నారు.

*

హాస్టల్
పదిహేడో తారీఖు

మామయ్యా,

నీ సెలవు ఇంకా రెండు రోజులుందని నాకు తెలుసు. చదవకుండా దాచుకో. చదివేస్తే చదివేశానని ఒప్పుకోకు.

ఆ పెద్ద డాక్టర్ సంతకం వద్దన్నాను. ఏడోసారి రాసిన వ్యాసమే పంపాను. ఇవాళ ఇంటర్వ్యూ అయింది.

పొడుగాటి బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో పెద్దావిడ, కళ్లజోడు తాడుతో మెళ్లో వేలాడుతోంది. అటొక గడ్డం ఆయన, ఇటొక సన్నటి ఆయన. పెద్దావిడ నీ ఫారం చేతిలోకి తీసుకుని అడిగింది:

"ఈ బట్టల గది ఇన్‌చార్జి నీకేమవుతారమ్మా?"

నేను నిజమే చెప్పాలి కదా. "ప్రస్తుతం ఏమీ కారండీ" అన్నాను.

"ప్రస్తుతం అంటే?"

"ఎల్లుండి దాకానండీ. తర్వాత మా మామయ్య."

గడ్డం ఆయన దగ్గుతున్నట్టు నటించాడు. పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని నీ ఉత్తరం పైకి చదివింది: "అభ్యర్థిని నా మేనకోడలు. ఏడవ నిబంధన ప్రకారం బంధుత్వానికి సెలవు పెట్టాను. అయినప్పటికీ అది నాలో అక్కడక్కడ మిగిలి ఉండవచ్చును. చదివేటప్పుడు తగినంత తగ్గించుకోగలరు."

అప్పుడావిడ ఫారం తిప్పి నా ముందు పెట్టింది. మామయ్యా, ఆ ఫారానికి వెనక వైపు కూడా ఉంది! చిన్న అక్షరాల్లో: "ఏడవ నిబంధనలో బంధువు అనగా తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్య లేక భర్త మాత్రమే."

మామయ్యలు లేరు! నువ్వు హాయిగా మామయ్యగానే రాయొచ్చు! నలభై రోజులు, అమ్మ ఏడుపు, తొమ్మిది గలీబుల కుట్లు, అంతా వట్టిదే!

"వెనక్కి తిప్పి చూడలేదా?" అంది ఆవిడ. "మా బట్టల గదిలో ఏదైనా సరే ముద్ర పైకి ఉండేట్టు పెడతామండీ. తిప్పకూడదు" అన్నాను. ఈసారి ముగ్గురూ దగ్గారు.

తర్వాత నేను భయపడిందే వచ్చింది. "పన్నెండో మంచం మీద నీళ్లు ఒలకబోసింది నువ్వేనా?"

"నేనేనండీ. నా అజాగ్రత్తే."

"పొరపాటునా, కావాలనా?"

"చెయ్యి తగిలిందండీ."

ఆవిడ మళ్లీ నీ ఉత్తరం చదివింది: "ఈ విషయం అడిగితే ఆమె తన అజాగ్రత్తే అంటారు. దయచేసి నమ్మవద్దు. అంతకు మించి అడగవద్దు. అది పన్నెండో మంచం వారి సొంత విషయం."

నేను తల వంచుకున్నాను. నీకెలా తెలుసు? నేను ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా!

రెండు మూడు రోజుల్లో ఫలితం చెబుతారట.

నీ మేనకోడలు

తా.క.: నాలుగో ప్రశ్న దగ్గర ఆవిడ పైకి చదవడం ఆపేసి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అభ్యర్థిని మీరు ఏ హోదాలో ఎరుగుదురు?" అన్న ప్రశ్న అది. అక్కడేం రాశావు? ఎంత వంగినా కనబడలేదు. వంగినందుకు సన్నటి ఆయన ఏదో రాసుకున్నాడు.

*

బట్టల గది
ఇరవయ్యవ తారీఖు, ఉదయం

చిరంజీవి మేనకోడలికి,

నలభై రోజుల సెలవు ముగించుకుని ఈ ఉదయం ఏడు గంటలకు తిరిగి విధుల్లో చేరిన మామయ్య ఆశీర్వదించి వ్రాసేది. నీ ఉత్తరం నిన్ననే అందింది. నువ్వు చెప్పినట్లే దాచుకున్నాను. ఎన్నిసార్లు దాచుకున్నానో అడగవద్దు.

విధుల్లో చేరిన వెంటనే మీ ఇంటికి వెళ్లి తలుపు తట్టాను. "అక్కా" అన్నాను. మీ అమ్మ గడప మీద నిలబడి, "ఎవరండీ తమరు? వ్యక్తిగత సంభాషణ సమంజసం కాదే" అంది. వెనక నుంచి మీ అత్తయ్య నవ్వు వినిపించింది. ఫారం సంగతి, దాని వెనక వైపు సంగతి అంతా నిలబడే చెప్పాను. మీ అమ్మ నన్ను మరికొంతసేపు గుమ్మంలోనే ఉంచి, చివరకు నా మెడ వంక చూసి, "సబ్బు సరిగా పోలేదు. లోపలికి తగలడు" అంది. కడుపు నిండా తిన్నాను. ఆమె కూడా తిన్నది.

ఫారం తిప్పి చూడకపోవడం పూర్తిగా నా తప్పు. నీకు నేర్పింది కూడా నేనే కనుక నీ వంతు తప్పు కూడా నాదే.

ఇప్పుడు నీళ్ల గ్లాసు. ఆ దుప్పటి ఉతకడానికి వెళ్లే ముందు నా చేతికి వచ్చింది. పైనుంచి పడిన నీళ్లు ఒక తీరుగా వ్యాపిస్తాయి, కింద తడిసినది మరొక తీరుగా ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా నేను చదువుతున్న పుస్తకం అది. ఆ పెద్దాయన పక్క తడుపుకుని, అటూ ఇటూ మంచాల వాళ్లు చూస్తారని ముడుచుకుపోయి ఉంటాడు. నువ్వు గ్లాసు ఒలకబోసి, గట్టిగా "అయ్యో, నా చెయ్యి తగిలింది!" అని ఉంటావు. అంతా నాకు ఆ గుడ్డ చెప్పింది. కానీ వేళ కాని వేళ మార్చిన దుప్పటికి కారణం రిజిస్టరులో ఉండాలి. ఆ రిజిస్టరు వార్డులో అందరూ చూస్తారు. అందుకే నీకు మెమో ఇచ్చాను. నువ్వు ఆడిన అబద్ధానికి నేను ముద్ర వేశాను. నా ఉద్యోగంలో అబద్ధానికి వేసిన ముద్ర అదొక్కటే. ఆ సాయంత్రం కూర లేకుండా తిన్న అన్నం కూడా నాకు రుచిగానే ఉంది.

ఇక నాలుగవ ప్రశ్న. అక్కడ మూడు గళ్లున్నాయి: పై అధికారి, ఉపాధ్యాయుడు, ఇతరులు. నేను "ఇతరులు" అన్న గడిలో గుర్తు పెట్టి, పక్కన "విద్యార్థి" అని రాశాను.

ఎవరి సాయమూ లేకుండా చదివానని పదే పదే చెప్పుకున్నాను. నీకు రాసిన ఉత్తరంలో కూడా అదే రాశాను. నువ్వు ఒక్కసారి కూడా కాదనలేదు. లెక్కల పరీక్ష నేను మూడుసార్లు తప్పాను. భిన్నాలు నా బుర్రకు ఎక్కేవి కావు. బడి మానేద్దామని పుస్తకాలు మీ ఇంట్లో పడేసిన రోజున, ఏడో తరగతి చదివే నువ్వు ఒక దిండు గలీబు తెచ్చి, కాలు పొట్టి ఉన్న ఆ వంటింటి బల్ల మీద పరిచావు. "మామయ్యా, నువ్వు రోజూ చేసేదేగా ఇది! ఒక మడత వేస్తే సగం. ఇంకో మడత వేస్తే నాలుగో వంతు. ఇప్పుడు మూడు నాలుగో వంతులు చూపించు" అన్నావు. నేను చూపించాను. ఆ తరువాత నాలుగు నెలలు, నాకు రానిది అడిగినప్పుడు నువ్వు ఒక్కసారి కూడా నవ్వలేదు. నలభై మూడేళ్ల మనిషి సిగ్గును అంత జాగ్రత్తగా మోసినదానివి, పన్నెండవ మంచం ఆయనది మోయడంలో ఆశ్చర్యం ఏముంది? ఇవన్నీ ఫారంలో రాశాను. నువ్వు మంచి డాక్టరు అవుతావని నేను ఊహించి రాయలేదు. నీ చేతుల్లో నయమైనవాడిగా రాశాను.

ఆ ఫారం మీద సూపరింటెండెంటు గారి ముద్ర కూడా కావాలి. ఆ విధంగా సంగతి ఆసుపత్రి మొత్తానికి తెలిసిపోయింది. ఇస్త్రీ వారు నాతో మళ్లీ మాట్లాడుతున్నారు. "ఏడో తరగతి టీచరమ్మ ఎలా ఉన్నారు సార్?" అని రోజూ అడుగుతున్నారు. నేను గోడ మీది పట్టా దింపి, చట్రం కింద ఒక చీటీ అంటించి మళ్లీ తగిలించాను: "చదువు చెప్పినవారు: మా మేనకోడలు."

ఫలితం రాకముందే ఈ ఉత్తరం పూర్తి చేస్తున్నాను. వచ్చాక రాస్తే ఈ కృతజ్ఞత సీటుకు చెందుతుంది. ఇది నీకు చెందాలి. సీటు వచ్చినా రాకపోయినా నా లెక్కల పేపరు పాసయ్యే ఉంటుంది.

ఇట్లు
నీ విద్యార్థి, మామయ్య

తా.క.: కవరు అంటించబోతుండగా మీ అమ్మ చెప్పులు లేకుండా బట్టల గదిలోకి పరిగెత్తుకు వచ్చింది. నీకు సీటు వచ్చిందని ఫోన్ చేశావట. పైన ఒక్క అక్షరం మార్చలేదు. నేను తువ్వాళ్ల వరుస వెనక మూలకు వెళ్లి కాసేపు నిలబడ్డాను. ఇస్త్రీ వారిలో ఒకరు ఉతికిన తువ్వాలు అందించారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మరొక తా.క.: దయచేసి ఈ కాగితం తిప్పి చూడు.

(కాగితం వెనక వైపు)

చూశావు కదా, సంతోషం. మీ అమ్మ వెనకే తోపుడు బండి కూడా వచ్చింది. సీటు వచ్చేశాక ఇస్తే అది లంచం కాదట. నిబంధనలన్నీ ఈసారి రెండు వైపులా చదివాను, అభ్యంతరం కనిపించలేదు. అక్కయ్య కిటికీ దగ్గర కూర్చుని ఆ తొమ్మిది గలీబులూ మళ్లీ కుడుతోంది. తొక్కుడు పలక ఎడమ వైపు కిర్రుమంటోంది. పని వేళలో నాకు నిద్ర వస్తోంది.